జంట గీత

మా గైడు గారు ఆ జర్నల్ లింకు పంపిన రోజు నాకు ఆయన మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. "ఇది జెనెటిక్స్ జర్నలేనమ్మా. మనవాళ్ళందరూ ఇందులోనే వేసుకుంటున్నారు. సంవత్సరాంతానికి నీ పేపర్ అచ్చులో కనపడకపోతే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ పోతుంది. ఆ తర్వాత నేను చేయగలిగింది లేదు" అని మెసేజ్ పెట్టారు.

ఏడేళ్ళ చాకిరీ అది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రోజుకు ఐదు క్లాసులు జువాలజీ చెప్పి, ఆదివారాలు బస్సులెక్కి ఊళ్ళు తిరిగి రాసుకున్నాను. పుట్టుచెవుడు కుటుంబాల్లో ఎలా దిగుతుందన్నది నా విషయం. జన్యు పరీక్షలు చేయించే స్థోమత మా కాలేజీకి లేదు. అందుకని నా పేపరంతా నేను గీసిన వంశవృక్షాల మీదే నిలబడింది. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా, చెవులు వినపడని వాళ్ళకు నల్లరంగు. మొగుడూ పెళ్ళాం మధ్య మామూలుగా ఒక గీత గీస్తాం, వాళ్ళు ముందే రక్తసంబంధీకులైతే జంట గీత. గురజాల అవతల ఒక ఊళ్ళో ఇద్దరు పిల్లలూ చెవిటివాళ్ళుగా పుట్టిన ఇల్లు ఒకటి ఉంది. నా పేపరుకు ప్రాణం ఆ ఇంటి పటమే, అందులో మధ్యన ఉన్న జంట గీతే.

పేపర్ పంపేముందు జర్నల్ ఎలాంటిదో చూసుకోవాలని నేనే నా విద్యార్థులకు చెబుతాను. చెప్పేటప్పుడు నోరు బాగానే లేస్తుంది. స్టాఫ్ రూములో కూర్చుని దాని పాత సంచికలు తెరిచాను. పేరు జెనెటిక్స్ జర్నలు, లోపల సిమెంటు ఇటుకల బలం మీద ఒక పేపర్, బ్యాంకు ఖాతాదారుల సంతృప్తి మీద ఇంకొకటి. ఒకే పేపర్ పేరు మార్చుకుని రెండు సంచికల్లో కూర్చుంది. ఆఫీసు అడ్రసు ఏదో అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటు. పేపర్ ఎవరు చదువుతారో, ఎలా నిర్ణయిస్తారో ఒక్క ముక్క లేదు. ఫీజు ఎలా కట్టాలో మాత్రం వివరంగా ఉంది. బర్రెను నీళ్ళలో పెట్టి బేరమాడటమంటే ఇదేననుకున్నాను.

ఎడిటోరియల్ బోర్డులో ఒక రిటైర్డు ప్రొఫెసరు గారి ఫొటో ఉంది. ఆయన పనిచేసిన యూనివర్సిటీ ద్వారా నంబరు సంపాదించి ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"నేను అందులో లేనమ్మా. నా ఫొటో తీసెయ్యండని మూడుసార్లు రాశాను. నా పక్కన ఉన్నాయన్ని చూశావా? మేమిద్దరం కలిసి పనిచేశాం. ఆయన పోయి నాలుగేళ్ళయింది. పేపర్లు మాత్రం ఇంకా ఆయనే చూస్తున్నాడు అక్కడ" అన్నారు.

ఇంత విన్నాక ఎవరైనా ఏం చేస్తారు? లింకు మూసేసి లేచి వెళ్ళిపోతారు. నేను వెళ్ళలేదు. ఏడేళ్ళు గుర్తొచ్చాయి. నాకంటే వెనక చేరి నాకంటే ముందు పేరుకు ముందు డాక్టర్ తగిలించుకున్నవాళ్ళు గుర్తొచ్చారు. తెలిసి తెలిసీ, ఏదో ఒక సాకు దొరక్కపోతుందా అని ఆ జర్నల్‌కే ఒక మెయిల్ రాశాను. వంశవృక్షాలున్న పేపర్‌ను మీ దగ్గర ఎవరు పరిశీలిస్తారు, సాధారణంగా ఏమేం అడుగుతారు అని.

పీరియడ్ బెల్లు కొట్టేలోపే జవాబు వచ్చింది. మీలాంటి విద్వాంసుల కోసమే ఎదురుచూస్తున్నామని, మూడు రోజుల్లో అంగీకారం ఇస్తామని రాశారు. చివర్న ఒక వాక్యం ఉంది. మీరేమీ కంగారు పడవద్దు, ఏ ప్రశ్నలూ ఉండవు.

అది చదివాక నాకు భయం వేసింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ప్రశ్నలు ఉండవంటే సంతోషించాల్సింది నేనే కదా. క్లాసు వేరేవాళ్ళకు అప్పగించి, పేపర్ ప్రింటు తీసి, ఎర్రపెన్ను పట్టుకుని, గిట్టనివాడు అడిగినట్టు నన్ను నేనే అడగడం మొదలుపెట్టాను. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. వీళ్ళు రక్తసంబంధీకులని నీకెవరు చెప్పారు?

పాత నోటుబుక్కు తీశాను. ఆ ఇంటి పేజీలో నా రాతే ఉంది. "భర్త వరసకు బావ. అత్త కొడుకు."

వరస. నేను ఈ గడ్డ మీదే పుట్టి పెరిగినదాన్ని. మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు, మిరపకాయల తొడిమలు తీస్తున్న ముసలామె నన్ను మీదేవూరు, ఎవరి తాలూకు అని రెండు మాటలడిగి మూడో మాటకు నన్ను కోడల్ని చేసుకుంది. నేను ఆమెను అత్తా అన్నాను. ఆమె కూతురు నన్ను వదినా అంది, ఆ పిల్లల తల్లయిన కోడలు అక్కా అంది. గడపలో చెప్పులు విప్పేలోపు నాకే మూడు చుట్టరికాలు కలిశాయి. వాళ్ళ రక్తానికీ నా రక్తానికీ ఏం సంబంధం? అయినా ఆ కోడల్ని "మీ ఆయన నీకు వరసకేమవుతాడు" అని అడిగి, ఆమె "బావే గదక్కా, అత్త కొడుకు" అంటే, ఎగిరి గంతేసి జంట గీత గీసేశాను. నాకు కావాల్సింది ఆ గీతే. అందుకే ఇంకో ప్రశ్న అడగలేదు.

అంతటితో ఊరుకున్నానా? లేచేటప్పుడు ఓ ముక్క పాఠం కూడా చెప్పొచ్చాను. మేనరికాల వల్లే ఇట్లా అవుతుంది అత్తా, బయటి సంబంధాలు చేసుకుంటే ఈ భయం ఉండదని.

మర్నాడు సెలవు పెట్టి బయల్దేరాను. పిడుగురాళ్ల దగ్గర సున్నపు లారీల వెనక బస్సు గంటసేపు ఆగింది. కిటికీ మూసినా తెల్లటి దుమ్ము చీర మీద పడుతూనే ఉంది. వాళ్ళు కాదనకూడదని, అది మేనరికమే కావాలని దారి పొడుగునా మొక్కుకున్నాను. చెవిటి పిల్లల తల్లిదండ్రులది మేనరికం కావాలని మొక్కుకున్న మనిషిని నేనొక్కదాన్నేనేమో.

ముసలామె అరుగు మీదే మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంది. కోడలు మిరప చేలోకి వెళ్ళింది. వాకిట్లో ఆ పిల్లలిద్దరూ సైకిలు టైరు దొర్లించుకుంటున్నారు. కూర్చోకుండానే అడిగాను.

"అత్తా, మీ కోడలు మీ అన్నదమ్ముల బిడ్డేనా?"

"మా అన్న బిడ్డేంది? వాళ్ళది ముప్పాళ్ళ. పెళ్ళిచూపులకి పోయిన్దాకా వాళ్ళ మొహం కూడా ఎరగం."

"మరి అత్త కొడుకని చెప్పిందే?"

ఆమె నవ్వింది. "నేను దానికి అత్తనేగా. నా కొడుకు అత్త కొడుకు గాక ఏమవుతాడు? చానా చదువుకున్నావు, ఇది కూడా తెలవదా?"

లోపల్నుంచి ఆమె కూతురు మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చింది. నిండు నెలలతో ఉంది. పురిటికి పుట్టింటికి వచ్చిందని చూడగానే తెలిసింది. నిరుడు నేను వచ్చేనాటికి ఈ పిల్లకు పెళ్ళి కాలేదు.

"దీన్ని ఎక్కడిచ్చారత్తా?"

"ముప్పాళ్ళే. కోడలి తమ్ముడికి. కుండమార్పిడి చేసుకున్నాం, వాళ్ళ పిల్ల మనింటికి, మన పిల్ల వాళ్ళింటికి. ముందు భయపడ్డాం, ఈ పిల్లల్ని చూసి. నువ్వు చెప్పిపోయినాకనే ధైర్యమొచ్చింది. మేనరికాలకే వస్తదంటివి. మాది మేనరికం కాదాయె. అయితే ఇది రక్తంలోది కాదు, కడుపులో ఉండగా ఏదో జరం తగిలుంటది అనుకున్నాం."

మజ్జిగ నా చేతిలోనే ఉండిపోయింది. తమది మేనరికం కాదని వాళ్ళకు ముందునుంచీ తెలుసు. నా మాట మాత్రం నమ్మారు. ఆ రెండూ కలిపి పెళ్ళి చేశారు.

చెప్పక తప్పలేదు. "తప్పు నాదత్తా. మేనరికమైతే ఎక్కువ, అంతే. బయటివాళ్ళకు రాదని కాదు. చుట్టరికం లేని ఇద్దరికి వరసగా ఇద్దరు బిడ్డలూ ఇట్లా పుట్టారంటే, ఆ లోపం పైకి కనపడకుండా రెండిళ్ళలోనూ ఉండొచ్చు. ఈ పిల్లది ఈ ఇల్లు, అతనిది ఆ ఇల్లు. వీళ్ళ బిడ్డకు రావచ్చు, రాకపోనూ వచ్చు."

ముసలామె తొడిమలు తీయడం ఆపింది. టైరు దొర్లిస్తున్న పెద్దవాడు నిలబడి మా పెదాల వంక చూస్తున్నాడు. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే కొంచెం తేలికపడేదాన్ని.

"ఆ మాట నీ నోట రాకపోతే ఇయ్యకపోదుము" అంది, అంతే.

కూతురు చేటలో మిరపకాయలు ఒక పక్కకు జరిపి నా ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడైనా సరిగ్గా అడిగి చెబుతున్నావా వదినా?"

అడిగే చెబుతున్నానన్నాను. పుట్టగానే గుంటూరు పెద్దాసుపత్రిలో చెవుల పరీక్ష చేయించాలని, తొందరగా తెలిస్తే చేయగలిగింది చాలా ఉందని కాగితం మీద రాసిచ్చాను. ఆ పిల్ల కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"ఆసుపత్రికి పోతాంలే. ముందు నువ్వు రావాల. ఈ పిల్లలప్పుడు అమ్మే పళ్ళెం కొట్టి చూసింది. పెద్దోడు కదిలాడనింది, వినపడుద్దనింది. అమ్మకి చూపు సరిగ్గా ఆనదు. నా బిడ్డ ఉలిక్కిపడిందో లేదో నువ్వే చూసి చెప్పాల."

వస్తానన్నాను.

పేపర్ పంపలేదు. ఆ జంట గీత తీసేస్తే అందులో మిగిలేది లేదు. రిజిస్ట్రేషన్ పోయింది. గైడు గారు నా ఫోన్ ఎత్తడం మానేశారు, నేనూ చేయడం మానేశాను. జర్నల్ వాళ్ళు మాత్రం నన్ను మర్చిపోలేదు. మీ విలువైన పరిశోధన కోసం ఎదురుచూస్తున్నాం, ఏ ప్రశ్నలూ ఉండవని వారం వారం రాస్తూనే ఉన్నారు. ఆ మెయిళ్ళు తీసేయబుద్ధి కావడం లేదు. నేనూ వాళ్ళలాగే ప్రశ్నలు అడక్కుండా పని కానిచ్చినదాన్ని, నాకు వాళ్ళ మీద కోపం తెచ్చుకునే అర్హత ఏముంది?

ఇవాళ సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే ముసలామె ఫోన్ చేసింది.

"ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. రేపు పొద్దున బస్సుకి వచ్చెయ్. పళ్ళెం తోమి పెట్టా. నువ్వొచ్చేదాకా ఎవ్వరం ముట్టుకోం."