గాజుముక్కల వాకిలి

పందొమ్మిది వందల నలభై మూడు, ఏప్రిల్ ఎనిమిది, గురువారం, ఉదయం పది గంటలు. బళేపేటలో మా ఇంటి ముందు జట్కా ఆగింది. ఆరు నెలల కింద పుట్టింటికి వెళ్ళిపోయిన నా భార్య దిగింది. వెనకే ట్రంకుపెట్టెతో ఆమె తమ్ముడు.

ఎందుకు వెళ్ళిందో దాచను. వాకిట్లో మల్లెలు, కనకాంబరాలు ఉండాలని నా పట్టు. వీధి నల్లి దగ్గర నీళ్ళకు కాచుకొని, రోజుకు పన్నెండు బిందెలు మోసింది ఆమె. నడుము పడిపోయింది. "చెట్లకే కట్టాల్సింది తాళి" అని వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. పొగరు.

తర్వాత ఇంట్లో పలకరించే మనిషి లేడు. అంగడి మూసి వచ్చి వాకిట్లో కూర్చునేవాణ్ణి. మల్లెలు ఎండాయి. పీకేసి గన్నేరు, కలబంద, బిళ్ళగన్నేరు పెట్టాను. స్నానం నీళ్ళు వాటి మొదళ్ళకే పారేలా చిన్న కాలువ తీశాను. మిగతా నేలకు గార పోశాను. నాది గాజుల అంగడి. అక్కడ పగిలిన గాజుల ముక్కలు తెచ్చి, అంచులు రాతి మీద అరగదీసి, ఆ గారలో పద్మంలా పొదిగాను. ఇక కళ్ళాపి అక్కర్లేదు, ముగ్గు అక్కర్లేదు.

"రోజుకు ఒక్క బిందె చాలు, రమ్మను" అని ఆమె ఊరికి వెళ్ళే మనిషితో కబురు పంపాను. గాజుల సంగతి చెప్పలేదు. చూసి మురిసిపోతుందనుకున్నాను.

"చూడక్కా, ఎండకు ఎట్ల మెరుస్తాండాదో!" అన్నాడు తమ్ముడు.

ఆమె నేల చూసింది. తన చేతి గాజులు చూసుకుంది.

"పగిలిన గాజులు తొక్కి నేను ఇంట్లోకి రావల్లనా? నువ్వు బతికుండంగానే?"

పగిలిన గాజు నాకు అంగడి చెత్త, అంతే.

"ఊర్లో ఆడోళ్ళందరికీ గాజులు తొడుగుతావు, ఇంత మాత్రం తెలీదేం బావా?" అన్నాడు తమ్ముడు.

జట్కావాడు నవ్వాపుకోలేక గుర్రం వైపు తిరిగాడు.

"సాయంత్రానికి పీకేస్తా" అన్నాను.

"పీక్కో. నాకేం చెప్పద్దు" అని మళ్ళీ జట్కా ఎక్కింది.

మూడు రోజులు గడ్డపారతో తవ్వాను. ఎంత ఏరినా ఎక్కడో ఒక ముక్క మెరిసేది. రెండుసార్లు కబురు పంపాను. ఆమె ఇక రాలేదు. నాకు అక్షరం వచ్చి ఉంటే, ఒకరి నోట పంపలేని సంగతులన్నీ గార పోయకముందే కార్డు మీద రాసి అడిగేవాణ్ణి. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. అప్పటికి ఆమె లేదు. గన్నేరు మాత్రం నీళ్ళడగకుండా పూస్తూనే ఉంది.

ఆ రోజు ఉన్నది నలుగురం: నా భార్య, ఆమె తమ్ముడు, జట్కావాడు, నేను. వాకిలి తొక్కింది నేనొక్కణ్ణే.