తాత అడిగిన జాగా

పోయిన నెల మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, ఇంటి మీద తీసుకున్న బ్యాంకు అప్పు ఇంకా ఆరేళ్ల గడువు ఉండగానే కట్టేశానని చెప్పాడు. అక్క కొంత, బావమరిది కొంత సర్దారట. వారం తిరగకుండా దస్తావేజులు చేతికిచ్చి, అప్పు తీర్చినందుకు అభినందిస్తూ ఒక కాగితం కూడా ఇచ్చారట. బాగుందిరా అన్నాను. ఇంకేదో అనాలనిపించింది గాని, ఆ మాట చెప్పుకోవలసింది వాడితో కాదు, వాడి తండ్రితో. తమ్ముడు పోయి ఇంకా ఏడాది కాలేదు. మా తాతకోసం చేను విడిపించిన సంగతి నాతోపాటు గుర్తున్నవాడు వాడొక్కడే. ఇప్పుడు నేను తప్పు రాసినా దిద్దేవారు లేరు కనుక, గుర్తున్నంతవరకు ఉన్నదున్నట్టు రాస్తాను.

మా ఊరు పాలమూరుకు పదీ పన్నెండు మైళ్ల దూరం. ఊరికి పడమట మాకు మూడెకరాల ఎర్ర చెలక ఉండేది. హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉన్న రోజుల్లో, ఒక ఎండాకాలం రోగమొచ్చి రెండెడ్లూ వారం తేడాలో చచ్చిపోతే, తాత ఆ చెలకను కుదువ పెట్టాడు. మన తరం వాళ్లకు చెప్పనక్కరలేదు గాని, చిన్నవాళ్లెవరైనా చదివితే వాళ్లకోసం చెబుతున్నాను. అప్పిచ్చినవాడు చేనును తన చేతికిందికి తీసుకుని దున్నుకుంటాడు, పంట తింటాడు. ఆ పంటే వడ్డీ. అసలు మాత్రం అట్లాగే నిలిచి ఉంటుంది. గడువు నాటికి అది కడితే చేను తిరిగొస్తుంది. మాది పదేళ్ల గడువు. కాగితం ఉర్దూలో రిజిస్టరైంది, మా ఇంట్లో ఎవరికీ అది చదవరాదు. గడువులోపల విడిపించుకోవాలంటే చేను పట్టుకున్నవాడు ఒప్పుకోవాలన్న మాట అందులో ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

చేను పట్టుకున్నాయన పక్క చేను ఆసామి. వరుసకు మా బాపుకు బావ, నాకు మామ. రక్తసంబంధమేమీ లేదు, ఊళ్లో వరుస లేని మనిషంటూ ఉండడు గనుక మామ. చెడ్డవాడని ఎవరూ అనరు. నేనూ అనలేను, ఇప్పటికీ నా చికాకు అదే. ఆ చేను గట్టు పక్కన మా అవ్వ సమాధి ఉంది. మాలో పోయినవాళ్లను సొంత చేలోనే పూడ్చేవారు. ఏటా పెత్తర అమాసనాడు తాత ఇస్తరాకులో అన్నం పట్టుకుపోయి ఆ రాళ్లమీద పెట్టి వచ్చేవాడు. మామ ఏనాడూ అడ్డం చెప్పలేదు సరిగదా, ఒక ఏడు తనే ఆ రాళ్లకు సున్నం వేయించాడు.

కుదువ పెట్టిన ఏడో ఏట తాతకు ఆయాసం పట్టుకుంది. అప్పటికి నేను పాలమూరులో ఒక గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పనిలో ఉన్నాను. తాతను దవాఖానకు తీసుకుపోయింది నేనే. డాక్టరు నాతో విడిగా మాట్లాడిన తీరు చూసి తాతకు సంగతి అర్థమైంది. ఇల్లు చేరాక, తనను అవ్వకు ఎడమపక్కన పెట్టమన్నాడు. అక్కడ ఒక మనిషికి సరిపడా జాగా ఉందనీ, తాను ఎప్పుడో చూసి పెట్టుకున్నాననీ చెప్పాడు. అంతటితో ఊరుకోక, మర్నాడు కర్ర పట్టుకుని చావడికి నడిచిపోయి నలుగురిలో మామను అడిగాడు.

మామ నవ్వి, “మామా, నువ్వు నూరేండ్లుంటవు. గని కుదువల ఉన్న చేనుల కొత్త సమాధి లేస్తే రేపు నా కొడుకులు, నీ మనుమలు తలలు పగలగొట్టుకుంటరు. చేను ఇడిపించుకో, నీకిష్టమున్న కాడ పండుకో” అన్నాడు.

చావడిలో అందరూ నవ్వారట. తాత కూడా నవ్వాడట. నవ్వనివాడు మా బాపు ఒక్కడే. గడువుకు ఇంకా మూడేళ్లుంది, తాత దగ్గర అంత వ్యవధి లేదు, అందుకని ముందే విడిపించాలని ఆనాడే నిశ్చయించుకున్నాడు.

మా ఇంట్లో డబ్బు ఉంటేగా. అమ్మ వెండి కడియాలు పోయాయి. సైకిలు కొనుక్కుందామని నేను కూడబెట్టింది పోయింది. అయినా సగమే అయింది. ఆలంపూర్ వైపు ఇచ్చిన మా మేనత్తకు ఎవరు చెప్పారో, పాలిచ్చే బర్రెను దూడతో సహా అమ్మి, ఆ డబ్బు కొంగున కట్టుకుని వచ్చింది. ఆడపడుచు సొమ్ము ముట్టనని బాపు మొండికేశాడు. ఆమె అరుగుమీద కూర్చుని కాళ్లు చాపుకుని, “నీకిస్తున్ననా? మా బాపుకిస్తున్న. నడుమ నువ్వెవనివిరా?” అంది. బాపు చెయ్యి చాపి ఆ డబ్బు తీసుకున్నాడు.

డబ్బు సమకూరితే పని అయినట్టేననుకున్నాం. అప్పు అడగబోయినవాణ్ని తిప్పించుకోవడం లోకంలో ఉన్నదే, తీర్చబోయినవాణ్ని తిప్పడం నేను అప్పుడే చూశాను. ఉగాది వెళ్లిన వారానికి బాపు పోతే మంచిరోజు చూద్దామన్నాడు మామ. మళ్లీ పోతే పెళ్లికి పోయాడన్నారు. మూడోసారి ఎదురుపడి, గడువింకా ఉంది గదా బావా, నేను అడిగిన్నా, నీకు తొందరేంది అని ఎంతో ప్రేమగా భుజంమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు బాపు ఇంటికి వచ్చాక కూడా భుజం దులుపుకుంటూ చూపించాడు. చివరికి మేనత్తే పోయి మామ ఇంటి అరుగెక్కి, “పైసలు తీసుకుంటవా, లేక ఈ అరుగు మీదనే పొయ్యి పెట్టుకుని వండుకోమంటవా బావా?” అంటే, ఆయన పగలబడి నవ్వి ఒప్పుకున్నాడు.

తరువాత రిజిస్టరు కచేరీ. మొదటిసారి పాత కాగితం ఇంట్లో మరిచి వచ్చానన్నాడు మామ. రెండోసారి అధికారి సెలవు. మూడోసారి అందరూ ఉన్నారు గాని, కొత్తగా వచ్చిన గుమాస్తాకు ఉర్దూ రాదు. చదవగలిగిన ముసలాయనను వెతికి తెచ్చేసరికి పొద్దు వాలింది, మర్నాడు రమ్మన్నారు. ఇట్లా తిరుగుతుండగానే మృగశిర కార్తె వచ్చింది, వానలు పడ్డాయి. మేము పాలమూరు బజారులో చెట్టుకింద కూర్చున్న ఒకరోజు, మామ కొడుకులు ఆ మూడెకరాల్లో ఆముదం విత్తారు. జొన్నో సజ్జో అయితే నాలుగు నెలల్లో చేతికొచ్చి చేను ఖాళీ అవుతుంది. ఆముదం అట్లా కాదు, విడతలు విడతలుగా గెలలు కోస్తూ మాఘమాసం దాకా నిలిచే పంట. కావాలనే వేశాడో, ఏటా వేసేదే వేశాడో నాకు తెలియదు.

విడుదల కాగితం తెలుగులో రాశారు. అందరికీ వినబడేట్టు చదవమంటే నేనే చదివాను. చేను మాకు విడుదలైనట్టు, అయితే నిలిచి ఉన్న పంట విత్తినవానిదేనని, అది పూర్తిగా తీసేదాకా చేనులోకి మేము పోరాదని ఉంది. విత్తినవాడే కోసుకోవడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి గనుక ఎవరికీ అది వింతగా తోచలేదు. బాపు తల ఊపి వేలిముద్ర వేశాడు. చదువుకున్నవాణ్ని, కాగితాల మధ్యే బతుకుతున్నవాణ్ని, ఏ పనికోసం ఇంతమందిమి ఇన్నాళ్లు తిరిగామో ఆ పనికే ఆ వాక్యం అడ్డమని నాకు తట్టలేదు. సమాధికి ఆరడుగులు మినహాయించమని ఒక్క ముక్క రాయిస్తే సరిపోయేది. ఆ రోజు మామ మంచి హుషారుగా ఉన్నాడు, రాయించేవాడే. అందరం పంట గురించే ఆలోచించాం.

తాత మాత్రం సంతోషించాడు. బండిలో పడుకోబెట్టి చేను దగ్గరికి తీసుకుపోతే, మోకాలెత్తు ఆముదం మొక్కల మీదుగా అవ్వ రాళ్లవైపు చాలాసేపు చూశాడు. “ఇది చేతికొచ్చేదాక ఆగాలెనా? ఆగుత తియ్. రాలిపోనీకి నేనేమన్న గింజనా?” అన్నాడు. వానాకాలం గడిపాడు, దసరా గడిపాడు. ఆగడానికి ఆయన ఎంత పట్టుదలగా ప్రయత్నించాడో, మింగుడుపడని జావను కళ్లు మూసుకుని ఎట్లా మింగేవాడో అమ్మ చెప్పేది. కార్తీకంలో పోయాడు. అప్పటికి ఆముదం మనిషెత్తు అయింది, మొదటి గెలలు ముదురుతున్నాయి.

కబురందుకుని నేను పొద్దున బస్సుకు వచ్చేసరికి ఇంటిముందు జనం ఉన్నారు, పాడె కట్టే పని సాగడం లేదు. మామ ఊళ్లో లేడు, రెండు మైళ్ల అవతల బిడ్డ ఇంటికి పోయాడు. ఎవరినైనా పంపి ఒక్కమాట అడిగించు, నాలుగు చెట్లు పీకితే అయిపోయేదానికి ఇంత ఆలోచనేమిటని మేనత్త బాపును బతిమాలింది, తిట్టింది. బాపు కదలలేదు.

“మా బాపు ఒకపారి అడిగిండు, నలుగురిల నవ్వుల పాలయిండు. ఇయ్యాల నా చేనుల నా బాపును పెట్టనీకి వాన్ని అడుగుడేంది? అడగ.”

అడగకుండానే పెడదామని ఎవరో అన్నారు. దానికీ ఒప్పుకోలేదు. మంది పంట తొక్కి తండ్రిని పూడ్చేంత దిక్కుమాలినవాణ్ని కానన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. తాతను వాగు పక్కన ఊరందరి జాగాలో పెట్టి వచ్చాం.

మామ ఆ రాత్రికే తిరిగొచ్చి, మర్నాడు తెల్లవారేసరికి మా వాకిట్లో నిలబడ్డాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. “అడిగితే వద్దంటనా బావా? ఒక్క మాట పంపొద్దా నాకు?” అని పెద్దగా ఏడ్చాడు. బాపు ఆయనవైపు చూడకుండా, అయిపోయింది తియ్ అన్నాడు.

అడిగితే నిజంగా సరేననేవాడా? అరవై ఏళ్లుగా ఆలోచిస్తున్నాను. పూడ్చిన మర్నాడు ఆ మాట అనడానికి ఖర్చేమీ లేదు. కాని రాళ్లకు సున్నం వేయించిన మనిషి కూడా ఆయనే. చాలాకాలం మామ మీద కోపంగా ఉండేది, తరువాత బాపు మీదకు మళ్లింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. రెండు మైళ్లు నడిస్తే ముప్పావు గంట. ఎవరికీ చెప్పకుండా నేనే పోయి అడిగి రావచ్చు. బాపు మాట దాటలేదని అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మాఘంలో చేను మా చేతికి వచ్చింది. తొలి దుక్కినాడు బాపు అవ్వ సమాధికి ఎడమపక్కన మనిషి పొడవున జాగా వదిలి నాగలి తిప్పాడు. ఆయన దున్నినన్నాళ్లూ నాగలి ఆ ఖాళీ చుట్టూ తిరిగింది. ఆయన అవసాన దశలో, నిన్ను అక్కడ పెట్టమంటావా అని నేనే అడిగాను. అది మా బాపు జాగా, నన్ను వాగు కాడ ఆయన పక్కన పెట్టండి అన్నాడు. అట్లాగే పెట్టాం. అవ్వ చేలో ఒక్కతే ఉండిపోయింది. ఆ తరువాత తమ్ముడు కూడా కొన్నాళ్లు ఆ జాగా వదిలే దున్నించాడు. ట్రాక్టరు వచ్చిన ఏడు, ఇక్కడ ఏముంది అని డ్రైవరు అడిగాడట. ఏమీ లేదు, దున్ను అన్నాడట తమ్ముడు. చాలా రోజుల తరువాత నాకు చెప్పి, తప్పు చేశానా అన్నా అని అడిగాడు. తప్పని అనలేకపోయాను.

ఇప్పుడు మా ఇళ్లలో ఎవరూ, పోయాక ఫలానా చోటే ఉంచమని అడగడం లేదు. నగరంలో శ్మశానం ఏ పూట ఖాళీ ఉంటే ఆ పూట, ఎక్కడ వీలైతే అక్కడ. తమ్ముడికీ అట్లాగే జరిగింది, ఎవరితోనూ మాటపడవలసిన పని లేకుండా మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేశాం. నా సంగతి నా పిల్లలు అడగలేదు, నేనూ చెప్పలేదు. నా మనసులోనూ ఒక చోటు లేకపోలేదు. చెబితే నా కొడుకు దానికోసం ఎవరి వాకిట్లోనో నిలబడి ఒక మాట అడగవలసి వస్తుంది. వాడు నా కొడుకే, మా బాపు మనవడే. అడగగలడో లేదో నాకు తెలియదు.