సరిపోయింది బాబాయ్

మా వీధిలో దారం కొనడం అంత తేలికైన పనిగా ఉండేది కాదు. గుడ్డముక్క తీసుకెళ్లాలి, ఓపిక తీసుకెళ్లాలి, తప్పనిసరిగా పగటిపూట వెళ్లాలి. ఎందుకంటే దారాల బాబాయ్ కొట్లో దీపం వెలగదు. కప్పుకి వేలాడుతూ ఒకటి ఉండేది, కానీ ఎవరైనా స్విచ్చి మీద చెయ్యి వేశారో, "దాని జోలికి పోకు. రంగుల విషయంలో అది పచ్చి అబద్ధాలకోరు" అనేవాడు.

నా రెండు చేతులూ చాపితే చాలు, ఆ కొట్టు వెడల్పు అయిపోయేది. నేల నుంచి కప్పుదాకా అరలు, అరల నిండా దారం రీళ్లు. కింద బొత్తాల సొరుగులు. లోపల ఏముందో తెలియడానికి ఒక్కో సొరుగు ముందూ ఒక బొత్తం తీగతో కట్టి ఉండేది. బాబాయ్ మన చేతిలో గుడ్డముక్క తీసుకుని, అరలోంచి ఒక రీలు లాగి, గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. ఒక్క పోగు లాగి గుడ్డ మీద పరిచేవాడు. తల పక్కకి వంచి, ఒక కన్ను మూసి చూసేవాడు.

"పోగెందుకు బాబాయ్, రీలే పక్కన పెట్టి చూస్తే పోదా?" అని కొత్తలో అడిగాను.

"రీలు మీద రంగు ముదురుగా కనిపిస్తుందిరా. పోగు లాగితేనే అసలు గుణం తెలుస్తుంది. పెళ్లిలో గుంపుగా చూసిన చుట్టాల్ని నమ్మి ఇంటికి పిలుస్తామా?"

ఆయన రంగులకి ఆయన పెట్టుకున్న పేర్లు వేరే. అరల అంచున చీటీలు అంటించి ఉండేవి. కాకి మెడ. తడిసిన గోడ. చల్లారిన టీ. ఒక ముదురు ఎరుపుకి మాత్రం 'అత్తగారి మౌనం' అని పెట్టాడు. సరైన రంగు లేకపోతే మొహమాటం లేకుండా "లేదు. రెండు రోజులాగి రా" అనేవాడు.

"దగ్గరగానే ఉంది కదా, ఇచ్చెయ్యండి" అంటే ఒకటే జవాబు. "దగ్గరగా ఉన్నది బస్టాండు దగ్గర పెద్ద షాపులో దొరుకుతుంది. ఈ కొట్లో సరిపోయేదే ఉంటుంది."

ఎంబ్రాయిడరీ నేర్పే టీచరమ్మని ఒకే లేత ఊదా రంగు కోసం ఆయన మూడుసార్లు తిప్పి పంపాడు. ఆవిడ కోపంతో ఊగిపోతూ వెళ్లింది. నాలుగోసారి దారం దొరికింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఇంకో కొట్టు గడప తొక్కలేదు. తొక్కలేదనే అనుకునేవాణ్ని, అదీ చెప్తాను.

నేను ఎదుటి కొట్లో దర్జీని. పంతొమ్మిదేళ్లు ఆయన ఇచ్చిన దారం అలాగే మిషన్‌కి ఎక్కించాను. ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు. ఆయన చూశాక ఇంక నేను చూడడమేమిటి?

రెండేళ్ల కిందట, వానాకాలంలో, మబ్బు వెలుతురులో ఒక ఆఫీసరుగారి ముదురు నీలం ప్యాంటు అంచు మడిచి కుట్టాను. నాలుగో రోజు ఆయన వచ్చి నా ముందు స్టూలు మీద కూర్చుని కాలెత్తి చూపించాడు. నీలం ప్యాంటు అంచు చుట్టూ చక్కటి ఆకుపచ్చ గీత. తడిగడ్డిలో నడిచి వచ్చినట్టుంది.

"ఏమిటిది?"

"ఇప్పుడిలా వస్తున్నాయండీ" అన్నాను, సిగ్గు లేకుండా.

"నా కాలికే రావాలా?"

కుట్టు విప్పి మళ్లీ వేసిస్తానని బతిమాలి పంపించి, ఆ రీలు పట్టుకుని వీధి దాటాను. ఆ రోజు బాబాయ్‌ని నాలుగు దులిపేద్దామనే వెళ్లాను. ఆయన గుమ్మంలో నిలబడి ఎవరో కొత్తాయనతో చెప్తున్నాడు. "అరవై ఎనిమిదండీ నాకు. ఇంతవరకు కళ్లజోడు ఎరగను. ఈ కళ్లున్నంతకాలం ఈ కొట్టు ఉంటుంది." నన్ను చూసి మొహం విప్పారింది. "ఏరా, ఆ నీలం సరిపోయిందా?"

రీలు జేబులోకి తోసేశాను.

"సరిపోయింది బాబాయ్."

ఆ రెండు మాటలతోనే మొదలైంది.

బాబాయ్‌కి భార్య ఎప్పుడో పోయింది. పిల్లల్లేరు. కొట్టు వెనక రెండు గదుల్లో ఆయనా, ఆయన చెల్లెలూ ఉండేవాళ్లు. ఆవిడ కొట్లోకి రాదు, ఆయన వంటగదిలోకి వెళ్లడు. ఆయనకి ఉన్నదల్లా ఆ చూపు, అది చూపించుకునే ఆ గుమ్మం. నీ కన్ను తప్పుతోంది బాబాయ్ అంటే, మర్నాడు ఆయన ఆ తలుపు తీస్తాడా? తియ్యకపోతే పొద్దెలా గడుపుతాడు? నేను ఆలోచించింది అంతే. అంతకుమించి నాకు తట్టలేదు.

ఆ ఆకుపచ్చ రీలుని పారెయ్యడానికి చెయ్యి రాక ఒక బిస్కెట్ల డబ్బాలో పడేశాను. మా పనిలో ఒక అలవాటుంది. ప్రతి పనికీ ఒక గుడ్డముక్క, తేదీ రాసిన చీటీ కలిపి గుండుసూది గుచ్చుతాం. రీలుకి కూడా చెయ్యి అలవాటుగా అలాగే గుచ్చేసింది. నెల తిరక్కుండా దాని పక్కన రెండోది చేరింది, నీలం అనుకుని ఇచ్చిన నలుపు. తర్వాత మూడోది.

మా ఆవిడ కాజాలు కుడుతూ ఇదంతా చూసింది. "ఆయనకి చెప్పొచ్చు కదా?"

"నువ్వు చెప్పు."

"నన్ను అమ్మాయ్ అని పిలుస్తాడు. నేనెలా చెప్పను?"

"నన్ను ఒరేయ్ అంటాడు. నేనెలా చెప్పను?"

విషయం అక్కడితో సర్దుకుంది.

అప్పటినుంచి నాకు రెండు కొనుగోళ్లు. ఒకటి బాబాయ్ దగ్గర, రెండోది బస్టాండు దగ్గర పెద్ద షాపులో. తిరిగొచ్చేటప్పుడు ఆయన గుమ్మం ముందునుంచే రావాలి కాబట్టి రీళ్లన్నీ ఖాళీ అన్నం క్యారియర్‌లో దాచేవాణ్ని. ఒకరోజు లోపల గలగలమన్నాయి.

"ఏంట్రా, క్యారియర్ మోగుతోంది? అమ్మాయి అన్నం ఉడకబెట్టకుండా పెట్టిందా?"

"పెద్ద గిన్నెలో చిన్న చెంచా బాబాయ్" అన్నాను. ఆయన గంటసేపు నవ్వాడు.

ఆ పెద్ద షాపులోనే ఒకసారి దారాల వరసలో వంగి వెతుకుతుంటే ఎవరి తలో నా తలకి తగిలింది. చూస్తే టీచరమ్మ.

"మీరూనా?" అంది.

"మీరూనా?" అన్నాను.

"నేను ఊరికే చూడ్డానికి వచ్చాను."

"నేనూ అంతే."

ఇద్దరి చేతుల్లోనూ నాలుగేసి రీళ్లున్నాయి. చివరికి ఆవిడే గొంతు తగ్గించి, "ఆయనిచ్చిన తప్పు రంగులతో మా ఇంట్లో ఒక డబ్బా నిండింది. ఆయనకి మాత్రం తెలియనివ్వకండి" అంది. నేను తలూపాను. ఎంతో మంచిపని చేస్తున్నవాళ్లలాగా ఇద్దరం వేరువేరు దారుల్లో ఇంటికి చేరాం.

ఆ రెండేళ్లలో ఇంకొన్ని కూడా చూశాం. బాబాయ్ మోచేతికి అరలు తగిలేవి. పక్కనుంచి ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. కొట్టు ఇరుకు కదా అనుకున్నాం. పెద్దవాడవుతున్నాడు కదా అనుకున్నాం. మనకి నచ్చిన కారణం దొరికాక ఇంకోటి ఎవరు వెతుకుతారు?

ఒక మధ్యాహ్నం ఊరికి కొత్తగా వచ్చిన ఒకావిడ ఆయన గుమ్మం ఎక్కింది. చేతిలో చిన్నపిల్ల గౌను, లేత పసుపు. నేను మిషన్ దగ్గరనుంచి చూస్తూనే ఉన్నాను. బాబాయ్ రీలు తీశాడు, పోగు లాగాడు, పరిచాడు.

"ఇది గులాబీ రంగండీ" అంది ఆవిడ.

"ఎండలోకి వచ్చి చూడండమ్మా" అని నవ్వాడు.

"ఎండలోనే ఉన్నాను."

ఇంకో రీలు తెచ్చాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మరొకటి. "కాదండీ." ఆవిడ గొంతులో వెటకారం లేదు, విసుగు కూడా లేదు. గౌను మడిచి సంచిలో పెట్టుకుంటూ, "పెద్దాయనా, ఒకసారి కళ్లు చూపించుకోండి. మా నాన్నకీ ఇలాగే మొదలైంది" అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయింది.

బాబాయ్ ఆ రీళ్లు లోపల పెట్టాడు. తర్వాత వీధి దాటాడు. ఇన్నేళ్లలో ఆయన నా కొట్టుకి వచ్చింది అదే మొదటిసారి. స్టూలు తడిమి చూసుకుని కూర్చున్నాడు.

"నీకిచ్చినవన్నీ సరిపోయాయా?"

మా ఆవిడ సూది ఆగిపోయింది. నేను లేచి డబ్బా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన మూత తీసి చెయ్యి పెట్టాడు. రీళ్లు, గుడ్డముక్కలు, గుండుసూదులు, చీటీలు వేళ్లకి తగిలాయి. ఒకదాన్ని పైకెత్తి గుమ్మం వైపు తిప్పి చాలాసేపు చూశాడు.

"ఎన్ని?"

"నలభై ఒకటి."

"టీచరమ్మకి?"

"ఆవిడ దగ్గరా ఒక డబ్బా ఉంది బాబాయ్."

"అయితే అందరికీ తెలుసు." మూత పెట్టబోయాడు, అది గాడిలో పడలేదు. మా ఆవిడ వచ్చి పెట్టింది. "నేను దారం ఇస్తున్నాననుకున్నాను. మీరందరూ నాకు ధర్మం చేస్తున్నారన్నమాట."

మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. డబ్బా కూడా తెమ్మన్నాడు బాబాయ్, తెచ్చాను. పరీక్షలయ్యాక డాక్టరు ఆ రీళ్లని తేదీల వరసలో బల్ల మీద పేర్చాడు. మొదట్లో నీలానికి ఆకుపచ్చ. తర్వాత నీలానికి నలుపు. ఆ తర్వాత పసుపుకి తెలుపు, గులాబీ. వరస చివరికొచ్చేసరికి దేనికీ దేనితోనూ పొత్తు లేదు.

"ఇంత వివరంగా ఎవరు రాసిపెట్టారు?"

బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తాను.

"చాలా బాగా రాశారు. ఈ మొదటిది రెండేళ్ల కిందటిది. అప్పుడే వచ్చి ఉంటే ఆయన చూపు చాలావరకు నిలిచేది." డాక్టరు కళ్లజోడు తీశాడు. "తీసుకురావడానికి రెండేళ్లు ఎందుకు పట్టింది?"

దానికి నా దగ్గర చీటీ లేదు.

కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతిందిట. పోయిన చూపు రాదు. ఉన్న కాస్తా ఎన్నాళ్లు నిలిస్తే అన్నాళ్లు, చుక్కలు వేస్తూ ఉండాలి. బాబాయ్ అన్నీ వినయంగా విన్నాడు. దారిలో నన్ను ఒక్క మాటా అనలేదు. అనేసి ఉంటే బాగుండేది.

ఆ బాకీ ఆయన చెల్లెలు తీర్చింది. తలుపు దగ్గర నిలబడి నెమ్మదిగానే అడిగింది. "ఇంట్లో రంగులతో పనేముంది నాయనా, నాకెలా తెలుస్తుంది? టీలో చక్కెర తక్కువైతే మా అన్నయ్యకి మొహం మీద చెప్తాను నేను. నీకు తెలిసి కూడా రెండేళ్లు నవ్వుతూ తిరిగావా?"

బాబాయ్ కొట్టు వెంటనే మూయలేదు. కొన్ని వారాలు తెరిచాడు. ఇప్పుడు కొనేవాళ్లనే పోగు లాగి చూసుకోమనేవాడు. "చూసి చెప్పండి. నిజం చెప్పండి" అనేవాడు. ఏ అరలో ఏముందో ఆయన చేతులకి తెలుసు, కానీ కళ్లు తప్పిన రెండేళ్లలో ఆయనే ఎన్నో రీళ్లు వేరే అరల్లో పెట్టేశాడు. 'కాకి మెడ' చీటీ వెనక గులాబీ రంగు దొరికేది.

ఒకరోజు బూడిదరంగు కోటు ముక్క తీసుకెళ్లాను. చాలాసేపు వెతికి ఒక రీలు తెచ్చాడు. పోగు నా చేతికిచ్చి నా మొహం వైపు తిరిగి నిలబడ్డాడు. గుమ్మంలో పెట్టి చూశాను. రవ్వంత తేడా. వేసుకునేవాడికి తెలియదు, వాడి భార్యకీ తెలియదు. దర్జీకి తెలుస్తుంది.

"దగ్గరగా ఉంది బాబాయ్" అన్నాను.

ఆయన రీలు వెనక్కి తీసుకున్నాడు. వదులైన పోగుని జాగ్రత్తగా చుట్టి, చివరని రీలు గాటులో బిగించాడు.

"దగ్గరగా ఉన్నది ఈ కొట్లో ఉండదు కదరా."

ఆ సాయంత్రం తలుపులు మూశాడు. మళ్లీ తియ్యలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు మా కొట్లో కూర్చుంటాడు. చెల్లెలు రోడ్డు దాటించి, స్టూలు మీద కూర్చోబెట్టి వెళ్తుంది. చొక్కాలకి బొత్తాలు చేత్తో కుడతాడు. అయిదు కుట్లు, మూడు చుట్లు, ఒక ముడి. మా ఆవిడ దారం మాత్రం ఎక్కించి ఇస్తుంది. ఎవరికైనా నేను "సరిపోయిందండీ" అంటే తలెత్తుతాడు.

"ఎండలో చూశావా?"

"చూశాను బాబాయ్."

"మళ్లీ చూడు."

మళ్లీ గుమ్మంలోకి వెళ్లి చూస్తాను.

నిన్న మూడు గంటలప్పుడు బొత్తం కుడుతూ కుడుతూ ఆగాడు. తల అటూ ఇటూ తిప్పాడు. "అప్పుడే పొద్దు వాలినట్టుందే? దీపం వెయ్యండర్రా, మీరెలా కుడుతున్నారు?" అన్నాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. అవును బాబాయ్, పొద్దుపోయింది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలిగ్గా వచ్చిందో చెప్పుకోడానికి సిగ్గేస్తుంది.

"లేదు బాబాయ్. ఎండ నీ ఒళ్లోనే ఉంది."

ఆయన సూది చొక్కాకి గుచ్చాడు. అరచెయ్యి వెల్లకిలా తిప్పి మోకాలి మీద పెట్టుకుని, వెచ్చదనం తగిలేదాకా అలాగే ఉంచాడు.