తాటిచెట్టు ఉండిన చోట

మా ఇంగ్లీషు మాస్టారు పోలయ్య గారు కన్నుమూశారని మొన్న మంగళవారం ఉదయం ఆయన కోడలు ఫోన్ చేసింది. అప్పుడు అరసవల్లిలో మా ఇంటి మెట్ల మీద ఉన్నాను. కాసేపటికి తోచిన మొదటి ప్రశ్న చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇవాళ ఒడ్డున గడకు ఆ గుడ్డ ఎవరు కట్టి ఉంటారు?

మత్స్యకార కుటుంబంలో జన్మించి, మా తీరగ్రామంలో తొలి పట్టభద్రుడై, ఆ ఊరి బడిలోనే యావజ్జీవితం ఆంగ్లం బోధించిన ధన్యుడాయన. ప్రతి పదానికీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పనిదే కదిలేవారు కాదు. సిలబస్ ఏనాడైనా పూర్తయిందో లేదో దేవుడికే తెలియాలి. ఒకనాడు ఓరియంట్ అనే క్రియ వచ్చింది. దాని లాటిన్ మూలానికి ఉదయించడమని అర్థమట. అందులోంచే తూర్పు దిక్కుకు ఆ పేరు వచ్చింది. తూర్పుకు ముఖం తిప్పడం క్రియకు తొలి అర్థం, ఉన్న చోటు పోల్చుకుని దారి తెలుసుకోవడం తర్వాత చేరిన అర్థం. అంతా చెప్పి, చాక్‌పీసు కింద పెట్టి, కిటికీలోంచి సముద్రాన్ని చూశారు.

"తూర్పు మనకెవుడూ సెప్పక్కర్లేదురా. ఇల్లు ఎటున్నాదో తెలాల," అన్నారు. పాఠం మధ్యలో ఆయన నోట ఊరి యాస వినడం నాకదే మొదలు.

ఆ మాట వెనక ఆయన తమ్ముడు ఎర్రయ్య ఉన్నాడు. దూరాన కొండా, ఒడ్డున ఒంటి తాటిచెట్టూ ఒకే వరసలోకి వచ్చేలా చూసుకుని మావాళ్లు తెప్పలు తిప్పేవారు. ఆ వరసన వస్తే రాళ్లు తగలవు. బడికి కొత్త గది వేసినప్పుడు దూలం కోసం ఆ చెట్టు కొట్టించింది మాస్టారే. ఊళ్లో ఉన్నవాళ్లు బడి తెల్లగోడను గురుతు పెట్టుకున్నారు. ఎర్రయ్య అప్పుడు గుజరాత్ బోట్ల మీద పనిలో ఉన్నాడు. ఎనిమిది నెలలకు ఒక సాయంత్రం చీకటిపడ్డాక ఇల్లు చేరి, మర్నాడు తెల్లారకముందే ఒంటరిగా వేటకు పోయాడు. చెట్టు లేదని అతనికి ఎవరూ చెప్పలేదు. తిరిగి వస్తూ, మన చెట్టే అనుకుని, పక్క ఊరి తాటిచెట్టు కేసి తిన్నగా వచ్చాడని ఒడ్డున చూసినవాళ్లు చెప్పారు. తెప్ప రాళ్ల మీద దొరికింది. ఎర్రయ్య దొరకలేదు.

అతని భార్య నూకాలమ్మ ఆ రోజు నుంచి బావగారితో మాట్లాడలేదు. మాస్టారు ఆ చెట్టు ఉండిన చోట వెదురు గడ పాతి, ముప్పై ఏళ్లు, రోజూ పొద్దున్నే తెల్లగుడ్డ కట్టేవారు. ఇప్పుడు ఫోన్లే దారి చూపిస్తున్నాయి కదా, ఇంకా ఈ గడ ఎందుకని నేనొకసారి తెలివితక్కువగా అడిగాను.

"ఎర్రయ్య కాడ ఫోను నేదు కదరా," అన్నారు. ఆయన నవ్వలేదు.

అంత్యక్రియలకు నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊళ్లో శవం ఉండగా ఎవరూ వేటకు పోరు కాబట్టి సముద్రంలో ఒక్క తెప్ప లేదు. అయినా గడకు తెల్లగుడ్డ ఎగురుతోంది. కింద నూకాలమ్మ కూర్చుని ఉంది.

"నానే కట్టినాను బాబూ," అంది. "ఇన్నేళ్లూ ఆడి కోసం బావ కట్టినాడు. ఇయాల బావకీ దారి కావాల."

మాస్టారు ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మాట అది. ఆయన వినవలసినది నేను విన్నాను. ఆ లోటు ఎవరు తీరుస్తారు? మాస్టారూ, మీ గుడ్డ ఎగురుతూనే ఉంది. నమస్కారం.