దుకాణం ముందు నిమ్మకాయ

కోరుట్ల మెయిన్ రోడ్డు మీద నాకో మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్ ముక్కలు, ఫాల్స్, సిరిసిల్ల నుంచి తెచ్చే లంగా బట్టలు. చిన్న దుకాణమే గానీ, ఈ ఏడు మా ఇంటి సంగతంతా దాని మీదే ఆధారపడింది. పెళ్లిళ్ల సీజన్‌లో దుకాణం నిలదొక్కుకుంటే దుబాయ్‌లో పని వదిలేసి వచ్చేస్తానన్నాడు మా ఆయన. లేదంటే మళ్లీ వీసా రెన్యువల్.

దుకాణం నిలబడాలంటే కస్టమర్ మెట్టెక్కాలి. మెట్టంటూ కనబడితే కదా ఎక్కడానికి! పక్కనే బ్యాంకు. అక్కడికొచ్చిన ప్రతి మగాడూ బండిని నా మెట్టుకు ఆనించి పోయేవాడు. "అన్నా, జర బండి తియ్యే" అంటే, "రెండు నిమిషాలక్కా, గిట్ల పోయి గట్లస్త" అనేవాడు. ఆ రెండు నిమిషాల్లో నేను వంట చేసి, తిని, గిన్నెలు కూడా కడుక్కోవచ్చు. రోజూ ఫోన్‌లో మా ఆయనకు ఇదే పాట. పాపం, వినక చేసేదేముంది.

చివరికి మున్సిపాలిటీ వాళ్లు పార్కింగ్ ప్లాన్ వేశారు. బేసి తేదీల్లో మా వైపు, సరి తేదీల్లో ఎదుటి వైపు బండ్లు పెట్టాలి. పసుపు గీత గీసి బోర్డు పాతారు. రోజు మార్చి రోజైనా ఊపిరాడుతుందనుకున్నాను. సరి తేదీన బండి తెచ్చి నా ముందు పెట్టిన ఒక పెద్దమనిషిని నిలదీస్తే, "ఇయ్యాల ఏకాదశి గదమ్మా, బేసే గదా" అన్నాడు. పైగా హెల్మెట్ తీసి ఆ బోర్డుకే తగిలించాడు. నా ఒళ్లు మండిపోయింది.

మర్నాడు షట్టర్ ఎత్తకముందే మెట్టు ముందు పసుపు, కుంకుమ చల్లి, మధ్యలో ఒక నిమ్మకాయ పెట్టాను. మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. పులిహోర చేయగా మిగిలిన నిమ్మకాయ అది. అంతే! బ్యాంకు బండ్లన్నీ ఆమడ దూరంలో ఆగాయి. ఏకాదశి పెద్దమనిషైతే బండి దిగకుండానే కాళ్లతో వెనక్కి నెట్టుకుంటూ పోయాడు. సర్కారు పసుపు గీతను తొక్కినవాళ్లంతా నా చిటికెడు పసుపుకు దండం పెట్టారు. లోపల కూర్చుని కడుపుబ్బా నవ్వాను.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. మెట్టయితే కనబడుతోంది, ఎక్కేవాళ్లే లేరు. కథలాపూర్ నుంచి ఏళ్లుగా వచ్చే ఒకావిడ, పెళ్లి కుదిరిన బిడ్డను వెంటబెట్టుకొచ్చి రోడ్డవతలే ఆగిపోయింది.

"రా వదినా, మస్తు కొత్త రంగులచ్చినయ్!" అని పిలిచాను.

"ఎట్ల రావాలె వదినా? పెండ్లి పిల్ల గా నిమ్మకాయను దాటద్దు. నీకెవలో గిట్టనోళ్లు చేసిన్రు. జర ఎవలకన్న చూపిచ్చుకో" అని, నా మీద బోలెడు జాలిపడి, బట్టలు కొనడానికి జగిత్యాల బస్సెక్కింది.

"నేనే పెట్టిన" అని అరుద్దామనుకున్నాను. అరిస్తే ఏమవుతుంది? ఇప్పటిదాకా చేతబడి తగిలినదాన్ని, అప్పుడు చేసేదాన్నవుతాను.

ఇక లాభం లేదని మర్నాడు చీపురు పట్టుకుని వంగాను. నిమ్మకాయలు రెండున్నాయి! నేను పెట్టింది ఒకటే. రెండోదానికి మేకులు గుచ్చి ఉన్నాయి. నా ఉపాయం చూసి పక్క దుకాణంవాళ్లెవరో పెట్టి ఉంటారని బుద్ధి చెబుతూనే ఉంది. చెయ్యి మాత్రం ముందుకు పోదే! మున్సిపాలిటీ తరఫున రోడ్డు ఊడ్చే ఆమెను బతిమాలాను. "నేను గూడ పిల్లల తల్లినే గదమ్మా" అని, దాని చుట్టూ ఊడ్చి వెళ్లిపోయింది. ఇక నేనేం చేశాను? పక్క దుకాణం మెట్టెక్కి, గట్టు మీదుగా దూకి, నా దుకాణంలోకి నేను పోయాను.

మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశాడు.

"ఏందే, ఇయ్యాల బండ్ల ముచ్చట చెప్తలేవు? ముందటున్నయా?"

"ఒక్కటి గూడ లేదు."

"మరింకేంది! దుకాణం నిలవడ్డట్టే. టికెట్ తీసుకోవాల్నా?"

ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. పొద్దుటి నుంచి దుకాణానికి ఒక్కరూ రాలేదు.

"ఆగు... జర ఆగు. గీ సీజన్ పోనీ" అన్నాను.

ఏమైందని కూడా అడగలేదు. "సరే తియ్యి. రెన్యువల్‌కు సంతకం పెడ్త" అన్నాడు.