మీ పాపని ఎక్కడ చేర్చారండీ?

ఎండాకాలం సెలవులన్న మాట మా ప్రైవేటు ఇంటర్ కాలేజీలో గోడ మీది క్యాలెండర్‌కే పరిమితం. పదో తరగతి పరీక్షలు ముగియడం ఆలస్యం, లెక్చరర్లమంతా ఇద్దరిద్దరం జట్టుగా ఊళ్ళ మీద పడాలి. తాడేపల్లిగూడెంలో పొద్దున్నే బయల్దేరి, కైకలూరు దాకా ఇల్లిల్లూ తిరిగి, మీ పిల్లల్ని మా కాలేజీలో చేర్పించండి అని బతిమాలాలి. ఫిజిక్స్ చెప్పడానికి చేరినప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. అపాయింట్‌మెంట్ ఆర్డరులోనూ లేదు. మొదటి వేసవిలో అడిగితే స్టాఫ్ రూమ్‌లో అందరూ నన్ను వింతగా చూసి, "అదేంటండీ, ఇది మామూలే కదా," అన్నారు. ఆ "మామూలే" అన్న మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పోయినేడాది మా పాప కూడా పదో తరగతి రాసింది. ఉత్త వాగుడుకాయ. సాయంత్రం నేను కూర తరుగుతుంటే వంటింటి గట్టెక్కి కూర్చుని, ఆ రోజు బళ్ళో జరిగిందంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేది. మా కాలేజీలో మాత్రం చేర్పించనని దానికి మాటిచ్చాను. అక్కడ వారం వారం మార్కులు చదివి పిల్లల్ని సెక్షన్లు మారుస్తారు. కింది సెక్షన్‌లో పడ్డ ఆడపిల్లలు బాత్రూమ్‌లో ఏడుస్తుంటే, ముఖం కడిగించి క్లాసుకి తీసుకొచ్చేది నేనే. నా కూతురి ముఖం కూడా అలా కడిగించాలా? గవర్నమెంట్ కాలేజీలో అయితే నాలుగింటికల్లా ఇంటికొచ్చేస్తుంది, మాకదే చాలనుకున్నాను.

ఆ వేసవిలోనే కైకలూరు అవతల చెరువుల మధ్య ఉన్న ఒక ఊరికి వెళ్ళాను. నాకు జోడీ కెమిస్ట్రీ మాస్టారు. రొయ్యల షెడ్డులో పని ముగించుకుని అప్పుడే వచ్చిన ఒకావిడ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మేం చెప్పిందంతా ఓపిగ్గా విని, అడిగింది.

"మీకు పిల్లలున్నారాండీ?"

"ఒక్క పాపేనండీ. ఈ ఏడే పది రాసింది."

"మరి మీ పాపని ఎక్కడ చేరుస్తున్నారండీ?"

"గవర్నమెంట్ కాలేజీలోనండీ," అన్నాను. నిజం అలా నోట్లోంచి జారిపోయింది.

ఆవిడ వెటకారమేమీ చెయ్యలేదు. "అయితే మా పెద్దదాన్ని కూడా అక్కడే చేరుస్తామండీ," అంది. కాలేజీకి తిరిగి రాగానే కెమిస్ట్రీ మాస్టారు నేరుగా ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళారు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. అందుకే ఆయనంటే భయం.

"పాప చదువు మీ ఇష్టమేనండీ మేడం. బలవంతమేం లేదు. కాకపోతే మన పిల్లల్నే మన దగ్గర చేర్చకపోతే బయటివాళ్ళకి ఏం చెబుతామండీ?"

"అలా రూలేమైనా ఉందాండీ?"

"అబ్బే, రూలేంటండీ," అని నవ్వారు.

రూలుంటే పోట్లాడేదాన్ని. లేనిదాంతో ఏమని పోట్లాడను? కాలేజీ తెరవకముందే నా సీనియర్ క్లాసులు వేరేవాళ్ళకి వెళ్ళిపోయాయి. నాకు తెల్లవారుజాము స్టడీ అవర్ల కాపలా మిగిలింది. టీ దగ్గరికి నేను రాగానే మాటలు ఆగిపోయేవి. అడ్మిషన్లు తగ్గితే ముందు ఎవర్ని మాన్పిస్తారో అందరికీ తెలుసు. ఏలూరులో ఇంకో ప్రైవేటు కాలేజీకి వెళ్ళి ఉద్యోగం అడిగాను. అక్కడాయన మర్యాదగా కాఫీ తెప్పించి, మొట్టమొదట అడిగింది, "మీ పాప ఎక్కడ చదువుతోందండీ?" అని. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడుపొచ్చింది. మా ఆయనకి రైస్ మిల్లులో సీజన్‌లోనే పని, ఇల్లు గడిచేది నా ఉద్యోగం మీదే. చివరికి పాపే అంది, "పోనీలేమ్మా, చేరతాను. అక్కడ నువ్వుంటావు కదా."

ఉన్నాను, నిజమే. కాలేజీలో అది నన్ను మేడం అనే పిలవాలి. అదీ ఎక్కడా రాసిలేదు. స్టడీ అవర్లో నా ముందు బెంచీలోనే తల వంచుకుని కూర్చుంటుంది, నేను పలకరించకుండా ముందుకి నడుస్తాను. ఒకరోజు ఇంట్లో అన్నం వడ్డిస్తుంటే "చాలు మేడం," అంది. ఏమన్నదో దానికి తెలియను కూడా తెలియలేదు, నవ్వలేదు. ఇప్పుడు నేను కూర తరుగుతుంటే వంటింటి గట్టు మీద ఎవరూ కూర్చోరు.

ఈ వేసవిలో మళ్ళీ అదే ఊరు, అదే మాస్టారు. పాపకి రెండో ఏడాది క్లాసులు అప్పుడే మొదలుపెట్టేశారు. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. ఈసారి వాళ్ళ చిన్నమ్మాయి పది రాసిందట. ఆ పిల్ల మాకు మజ్జిగ ఇస్తూనే వాళ్ళ స్నేహితురాళ్ళ కబుర్లన్నీ చెప్పేస్తోంది. చెయ్యి, నోరు రెండూ ఆగవు.

"మీ పాప గవర్నమెంట్ కాలేజీలో బాగా చదువుతోందాండీ?" అంది ఆవిడ.

నేను నోరు తెరిచేలోపే కెమిస్ట్రీ మాస్టారు అందుకున్నారు. "అక్కడ కాదండీ. మేడం గారమ్మాయి మా దగ్గరే చదువుతోంది."

ఆవిడ ముఖం విప్పారింది. "మేడం గారే చేర్చారంటే ఇంకేం చూడాలండీ. మా చిన్నదాన్ని మీ దగ్గరే చేరుస్తాం."

ఆ పిల్ల మాట్లాడ్డం ఆపి, నా దగ్గరికొచ్చి అడిగింది.

"మీ పాపకి అక్కడ బాగుందాండీ?"

మాస్టారు నా వైపే చూస్తున్నారు.

"బాగుందమ్మా," అన్నాను.