ఓబయ్య తాత వంశం

ఒమాన్‌లోని బహ్లా తోటకు అందరూ ఒంటరిగానే వచ్చారు, ఒక్క హార్లన్ సారు తప్ప. ఆయన అమెరికా నుంచి ఎనిమిది తరాల కిందటి తాతను వెంటబెట్టుకుని వచ్చారు. ఆ తాత పేరు ఒబడయా. తెల్లవాళ్లు అక్కడ అప్పుడప్పుడే అడవి కొట్టి పొలాలు చేసుకుంటున్న కాలం నాటి రైతు. పోయి మూడువందల ఏళ్లు కావస్తున్నా, హార్లన్ సారు మాటల్లో మాత్రం రోజూ పొద్దున్నే లేచి నాగలి పట్టేవాడు.

ఇది డెబ్బై ఆరు నాటి సంగతి. ఏ పంట బతుకుతుందో చూద్దామని ఒక కంపెనీ ఆ తోటలో గోధుమ, నిమ్మ, పశువుల మేత వేయించేది. తోటకంతా పెద్ద హార్లన్ సారు. ఆయన కింద ఫోర్‌మన్ వహీద్. హైదరాబాదు వాడు కనుక సారు ఇంగ్లీషును తెలుగులోకి దించేవాడు. మట్టి పని, నీళ్ల పని భీమన్న, నర్సయ్య, పెద్దులుది. ముగ్గురూ కరీంనగర్ వైపు వాళ్లు. వాళ్ల నోట పడ్డ మొదటి వారానికే ఒబడయా కాస్తా ఓబయ్య తాత అయిపోయాడు.

పంపు ఆగితే ఓబయ్య. మేకలు మడిలో పడితే ఓబయ్య. రొట్టె మాడితే, ఓబయ్య పెళ్లాం కాల్చిన రొట్టె ఇంతకన్నా నలుపని చెబుతూ సారు దాన్ని కరకరా నమిలేసేవారు. ఊళ్లో తన ఎద్దు చచ్చిందని భీమన్న దిగులుపడిన రోజున, ఓబయ్య ఎద్దు కూడా సాలు మధ్యలోనే కూలిందని, రెండో ఎద్దు పక్కన ఓబయ్యే కాడి ఎత్తుకున్నాడని, పెళ్లాం నాగలి పట్టి ఇద్దరినీ ఒకేలా అదిలించిందని చెప్పారు. భీమన్న నవ్వు ఆపుకోలేక కాలవ గట్టు మీద కూలబడ్డాడు.

అందరూ నవ్వేవారు, పెద్దులు ఒక్కడే ముఖం ముడుచుకునేవాడు. దానికి కారణముంది. అతనిది వంశావళులు చెప్పే ఇల్లు. పంటలు ఇళ్లకు చేరే రోజుల్లో తమ వంతు ఊళ్లకు వెళ్లి, ఒక్కొక్క ఇంటి ముందు నిలబడి, ఆ వంశపు మూలపురుషుడి దగ్గర్నుంచి నిన్న పుట్టిన పసిగుడ్డు దాకా పేర్లన్నీ పాడి, త్యాగమని వాళ్లిచ్చే కానుక పుచ్చుకుని రావడం తాతల నాటి హక్కు, వాళ్ల మిరాశి. పాటలో ఒక్క కొడుకు పేరు తప్పితే ఆ ఇంటి ఆడవాళ్లే చీపురు తీసేవారు. అలాంటి వాడి ముందు కొడుకులు ఎక్కువయ్యారని భీమన్న వాపోయిన రోజున ఓబయ్యకు పదకొండు మంది కొడుకులు పుట్టారు. తనకు నలుగురూ ఆడపిల్లలేనని వహీద్ నిట్టూర్చిన రోజున వాళ్లందరూ మాయమై ఏడుగురు కూతుళ్లు వచ్చారు. వేలిముద్ర వేయడానికి నర్సయ్య సిగ్గుపడితే, చదువురాని ఓబయ్య కాగితం మీద కోడికాలు గీసి పొలం కొన్నాడు. అంతకు ముందు నెల చెప్పిన కథలోనే ఆయన చర్చిలో బైబిలు చదివి ఉన్నాడు. ఇక చావులంటారా, పాము కరిచి ఒకసారి, చెట్టు మీద పడి ఒకసారి, మంచం మీద హాయిగా ఒకసారి.

పెద్దులుకు అన్నం సయించలేదు. తప్పు వహీద్‌దేనని తేల్చుకున్నాడు.

"నువ్వే ఏదో కల్పుతున్నవ్ భాయ్. పెద్దమనిషి వంశం అట్ల ఆగం చేస్తరా?"

వహీద్ తల్లి మీద ఒట్టు వేశాడు. సారు పలికిందే తాను పలుకుతున్నానని, పదకొండు మంది కొడుకుల్ని సొంతంగా కనే తీరిక తనకు లేదని చెప్పాడు. పెద్దులు సారునే నిలదీద్దామని కాచుకుని కూర్చున్నాడు.

ఈలోగా భార్య కమలవ్వ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రెండు పంటలు గడిచినా పెద్దులు పాడటానికి రాలేదని, అతని ఊళ్లన్నీ పెదనాన్న కొడుకులు పంచుకున్నారట. మస్కట్ పోయినోనికి మిరాశి ఎందుకని పంచాయతీలో అన్నారట. ఇక తిరిగి వెళ్లినా ఏ గడప ముందూ నోరు విప్పే హక్కు లేదు. పెద్దులు గట్టు మీద కూర్చుండిపోయాడు. పంపు ఆపడం మరిచాడు. మేత మడి చెరువైంది.

హార్లన్ సారు వచ్చి పంపు కట్టేశారు. తిడతారేమోనని నర్సయ్య ముందే పార అందుకున్నాడు. సారు బూట్లు నీళ్లలో పెట్టుకుని పెద్దులు పక్కన కూర్చుని, సంగతేమిటని వహీద్‌ను అడిగారు. అంతా విన్నారు. తర్వాత మొదలుపెట్టారు. ఒబడయా కూడా ఒకసారి దూరదేశం వెళ్లాడట. తిరిగొచ్చేసరికి అన్న కొడుకులు కంచె జరిపేశారట. ఉన్న పొలమంతా పోయిందట. అప్పుడాయన ఎవరూ ఎక్కని గుట్ట ఎక్కి, రాళ్లేరి కొత్త పొలం చేసుకున్నాడట.

ఓబయ్య పుట్టి బుద్ధెరిగి ఏరు దాటలేదని పోయిన శుక్రవారమే చెప్పారు. ఆ మాట పెద్దులు నాలుక చివరి దాకా వచ్చింది. కానీ సారు ముఖం చూసి ఆగిపోయాడు. పేర్లు గుర్తు తెచ్చుకునేవాడు ఆకాశం వైపు చూస్తాడు, పెద్దులు తండ్రి అలాగే చూసేవాడు. హార్లన్ సారు ఆకాశం వైపు చూడటం లేదు. పెద్దులు ముఖం చూస్తూ, అది కాస్త తేరుకునేదాకా గుట్ట మీద ఒక్కొక్క రాయీ ఏరుతున్నారు. భీమన్న ఎద్దు, వహీద్ కూతుళ్లు, నర్సయ్య వేలిముద్ర అన్నీ ఒక్కసారిగా పెద్దులుకు గుర్తొచ్చాయి.

"సారు, ఓబయ్య గురించి మీకు నిజంగ ఎంత ఎర్క?" అని మెల్లగా అడిగాడు.

వహీద్ ఆ ప్రశ్న చెప్పగానే సారు చెవి గోక్కున్నారు. సెలవు దొరికినప్పుడల్లా పాత సర్కారు కచేరీలు, సమాధులు తిరిగి వెతికారట. ఒక పగిలిన రాయి మీద పేరు, ఊరు, రైతు అన్న మాట దొరికాయి. పెళ్లాం పేరున్న ముక్క కూడా లేదు.

"మిగిలిందంతా బీడు పెద్దులూ. ఊరికే ఉంచడమెందుకని, ఎవరికి ఏది కావాలో అది పండిస్తున్నా."

ఆ తర్వాతి శుక్రవారం, సెలవు రోజున పెద్దులు తలకు తువాలు చుట్టి, తాళానికి స్టీలు కంచం చేతపట్టి సారు గది ముందు నిలబడ్డాడు. రెండేళ్ల తర్వాత గొంతు విప్పాడు. ఓబయ్యకు ఇద్దరు పెళ్లాలు. పెద్దామెకు పదకొండు మంది కొడుకులు, చిన్నామెకు ఏడుగురు కూతుళ్లు. చదువు వచ్చింది, నచ్చక మరిచిపోయాడు. పాముకు ఒకసారి, చెట్టుకు ఒకసారి పోయి, పొలం పనులు మిగిలి ఉన్నాయని రెండుసార్లూ లేచి వచ్చాడు. చివరి కొమ్మల్లో హార్లన్ సారు, ఆయన పక్కనే భీమన్న, నర్సయ్య, వహీద్, అతని నలుగురు కూతుళ్లు. వహీద్ తెలుగును ఇంగ్లీషు చేయలేక చేస్తుంటే సారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. పాట అయ్యాక ఇంటివాళ్లు త్యాగం ఇవ్వాలని వహీద్ చెప్పాడు. సారు తన గడ్డి టోపీ తీసి పెద్దులు నెత్తిన పెట్టారు. అది చెవుల మీదికి దిగింది.

"ఇగ ఈ ఇల్లు నా మిరాశి సారు. మా పెద్దనాయిన కొడుకులు ఈడికి రాలేరు," అన్నాడు పెద్దులు.

వస్తే గేటు దగ్గరే ఆపేస్తానని సారు మాటిచ్చారు.

మర్నాడు పంపు మళ్లీ ఆగింది. హార్లన్ సారు ఓబయ్యకు ఇంకో కూతుర్ని పుట్టించారు. పెద్దులు టోపీ పైకి తోసుకుని, ఆ పిల్ల పేరేమిటో అడిగి వరసలో కలుపుకున్నాడు.